కోళ్ల దాణాలో ఎంజైములు: సీమ దినుసులతో దశలవారీగా వాడే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో సొంతంగా దాణా కలుపుకునే కోళ్ల రైతులకు ఒక వెసులుబాటు ఉంది. మొక్కజొన్న ధర ఎక్కితే చుట్టుపక్కల జొన్న ఉంది, సజ్జ ఉంది. నంద్యాల వైపు మిల్లుల నుంచి తవుడు, నూకలు వస్తాయి. నూనె మిల్లుల నుంచి పొద్దుతిరుగుడు చెక్క, శెనక్కాయ చెక్క దొరుకుతాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఈ దినుసుల్లో ఉన్నదంతా కోడికి అందదు. తవుడులో భాస్వరం దండిగా ఉన్నా చాలావరకు పెంటలోనే పోతుంది. చెక్కలో మాంసకృత్తులు ఉన్నా పీచు అడ్డుపడుతుంది.

ఎంజైములు, అంటే మేతలోని పదార్థాలను విడగొట్టి కోడికి అరిగేలా చేసేవి, పనికొచ్చేది ఇక్కడే. అయితే డీలరు ఇచ్చిన ప్యాకెట్‌ను ఉన్న దాణా మీద చల్లేసి, ఫార్ములాలో ఇంకేమీ మార్చకపోతే ఖర్చు పెరుగుతుంది, లాభం పెద్దగా కనిపించదు. ఎంజైమ్ ఏ పోషకాన్ని విడుదల చేస్తుందో, ఆ పోషకాన్ని ఇచ్చే ఖరీదైన దినుసును అంత మేరకు తగ్గించినప్పుడే డబ్బు మిగులుతుంది. ఈ వ్యాసమంతా ఆ లెక్క ఎలా వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్న దాని గురించే.

మొదటి దశ: మీ దాణాలో ఏముందో కాగితం మీద పెట్టండి

టన్ను దాణాకు ఏ దినుసు ఎన్ని కిలోలు వేస్తున్నారో రాయండి. పక్కనే ప్రతి దినుసులో కోడికి అరగనిది ఏమిటో రాసుకోండి.

తవుడు, ముఖ్యంగా నూనె తీసిన తవుడు: ఇందులో భాస్వరం సుమారు ఒకటిన్నర శాతం. కానీ దానిలో ఎక్కువ భాగం ఫైటేట్ అనే రూపంలో బిగిసి ఉంటుంది. నిజానికి గింజలు, చెక్కలు అన్నిటిలోనూ ఉన్న భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ రూపంలోనే ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ పేరు ఫైటేజ్, అది సరిపడా కోడి పేగులో తయారు కాదు. ఫైటేట్ అక్కడితో ఆగదు. కాల్షియం, జింకు, ఇనుములను కూడా పట్టుకుంటుంది, మాంసకృత్తుల అరుగుదలను కొంత దెబ్బతీస్తుంది.

జొన్న, సజ్జ, మొక్కజొన్న: వీటి కణాల గోడల్లో అరాబినోజైలాన్ అనే పీచు పదార్థం ఉంటుంది. అది గోధుమ, బార్లీల్లోలాగా పేగులో జిగురుగా మారదు. గోడగానే నిలబడి లోపలి పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను కోడి రసాలకు అందనివ్వదు. జొన్నలో ఇంకో చిక్కు కూడా ఉంది. దానిలోని కాఫిరిన్ అనే మాంసకృత్తి పిండిపదార్థపు రేణువుల చుట్టూ గట్టిగా అల్లుకుని ఉంటుంది.

పొద్దుతిరుగుడు చెక్క: పొట్టు తీయని గింజల చెక్క అయితే పీచు 20 శాతం దాటుతుంది.

సోయా చెక్క, గోరుచిక్కుడు గింజల పిండి: వీటిలో మాన్నాన్లు అనే పీచు పదార్థాలు ఉంటాయి. గోరుచిక్కుడు పిండిలో మిగిలిన జిగురు వల్ల పెంట పలచబడి అంటుకుంటుంది.

రెండో దశ: దినుసును బట్టి ఎంజైమ్

మీరు ఒక్క ఎంజైమ్ మాత్రమే కొనగలిగితే ఫైటేజ్ కొనండి. ఇందులో నాకు సందేహం లేదు. గింజ, తవుడు, చెక్క ఉన్న ఏ దాణాలోనైనా దానికి పని ఉంటుంది. అది పనిచేసిందో లేదో గుడ్డు పెంకు, ఎముక చెబుతాయి. ఫైటేజ్ 1991లో నెదర్లాండ్స్‌లో మొదట అమ్మకానికి వచ్చింది. పెంటలోని భాస్వరం అక్కడి నేలను, నీళ్లను పాడుచేస్తోందన్న ఆందోళనే దానికి కారణం. మనకు మాత్రం అసలు ఆకర్షణ డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్, భాస్వరం కోసం దాణాలో వేసే ఖనిజ పొడి) ఆదా. డీసీపీకి కావలసిన రాక్ ఫాస్ఫేట్‌లో చాలా భాగం దేశం బయటి నుంచే వస్తుంది కాబట్టి దాని ధర మన చేతిలో ఉండదు.

రెండోది జైలనేజ్, అరాబినోజైలాన్ పీచును విడగొట్టే ఎంజైమ్. నూనె తీసిన తవుడు, సజ్జ, పొద్దుతిరుగుడు చెక్క కలిపి టన్నుకు 150 కిలోలు దాటితే ఇది తీసుకోవచ్చు. మొక్కజొన్న, సోయా మాత్రమే ఉన్న దాణాలో దీని ఫలితం చిన్నది. అక్కడ గొప్పగా ఏదో జరుగుతుందని ఆశించకండి.

దాణాలో జొన్న వాటా బాగా పెంచినవారికి మాంసకృత్తులను విడగొట్టే ప్రోటియేజ్ కొంత పనికొస్తుంది. సోయా ఎక్కువగా వాడే బ్రాయిలర్ దాణాలోనూ, గోరుచిక్కుడు పిండి వేసిన దాణాలోనూ మాన్నాన్లను విడగొట్టే బీటా మాన్ననేజ్ వాడతారు. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ మొదటి రెండు వారాల పిల్లలకు తప్ప పెద్దగా అక్కర్లేదు. బీటా గ్లూకనేజ్ బార్లీ, ఓట్స్‌కు సంబంధించినది. మన దాణాలో బార్లీ లేనప్పుడు దాని కోసం డబ్బు పెట్టడం దండగ.

‘అన్నీ ఉన్న’ మిశ్రమ ప్యాకెట్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. వాటిలో పది ఎంజైముల పేర్లు ఉండి, ఒక్కొక్కటి ఎన్ని యూనిట్లో రాసి లేకపోతే పక్కన పెట్టేయండి. లేబుల్ మీద చూడవలసినవి: ఎంజైమ్ పేరు, గ్రాముకు యూనిట్లు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, ఎంత వేడిని తట్టుకుంటుంది అన్నది. ఫైటేజ్‌ను ఎఫ్‌టీయూ అనే యూనిట్లలో కొలుస్తారు. జైలనేజ్ యూనిట్లను మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది. కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి ఏది చవకో తేల్చలేం.

మూడో దశ: మోతాదు

ఫైటేజ్ సాధారణంగా కిలో దాణాకు 500 ఎఫ్‌టీయూ వేస్తారు. గుడ్ల కోళ్లకు 300 కూడా చాలని చాలామంది పోషణ నిపుణులు అంటారు. మీ దగ్గర ఉన్న పొడి గ్రాముకు 5000 ఎఫ్‌టీయూ అయితే లెక్క ఇలా ఉంటుంది. టన్ను దాణాకు 500 × 1000 = 5,00,000 ఎఫ్‌టీయూ కావాలి. దాన్ని 5000తో భాగిస్తే 100 గ్రాములు. గ్రాముకు 10,000 ఉన్న పొడి అయితే 50 గ్రాములే. ప్యాకెట్ మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేయాలి. పాత కొలత చెంచాతోనే కొత్త పొడి వేయడం షెడ్లలో తరచుగా జరిగే పొరపాటు.

నాలుగో దశ: ఫార్ములా మార్చడం

అసలు పని ఇదే. ఒక గుడ్ల కోళ్ల దాణా తీసుకుందాం. టన్నుకు మొక్కజొన్న 380 కిలోలు, జొన్న 150, నూనె తీసిన తవుడు 100, సోయా చెక్క 180, పొద్దుతిరుగుడు చెక్క 70, సున్నపురాయి గ్రిట్ 95, డీసీపీ 12, ఉప్పు 3, మిగతా 10 కిలోలు విటమిన్లు, ఖనిజాలు, అమైనో ఆమ్లాలు. ఇందులో మాంసకృత్తులు 16 శాతం పైన, కాల్షియం 4 శాతం దగ్గర ఉంటాయి. గింజలు, చెక్కల నుంచి వచ్చే భాస్వరం సుమారు అర శాతం. అందులో మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో ఉందనుకుంటే ఫైటేజ్‌కు చేయడానికి చేతినిండా పని ఉన్నట్టే.

500 ఎఫ్‌టీయూ వేస్తే దాణాలో 0.1 శాతం భాస్వరం కోడికి అదనంగా అందుతుందని తీసుకుంటారు. కంపెనీ కాగితం ఇంకా ఎక్కువ చెప్పవచ్చు, మీరు 0.1 దగ్గరే ఆగండి. టన్నుకు 0.1 శాతం అంటే 1 కిలో భాస్వరం. డీసీపీలో భాస్వరం 18 శాతం కాబట్టి 1 కిలో భాస్వరానికి సమానమైన డీసీపీ ఐదున్నర కిలోలు. అంటే 12 కిలోల డీసీపీని ఆరున్నరకు తగ్గించవచ్చు.

ఇక్కడితో ఆగిపోతే పెంకు దెబ్బతింటుంది. డీసీపీలో కాల్షియం కూడా 23 శాతం దాకా ఉంటుంది. ఐదున్నర కిలోలు తీసేస్తే దాదాపు 1.3 కిలోల కాల్షియం పోతుంది. ఫైటేజ్ కొంత కాల్షియాన్ని విడిపిస్తుంది, కంపెనీలు ఆ విలువ కూడా ఇస్తాయి. గుడ్ల కోళ్ల విషయంలో ఆ విలువను లెక్కలోకి తీసుకోవద్దని నా సలహా. 38 శాతం కాల్షియం ఉన్న గ్రిట్‌తో ఆ 1.3 కిలోలు పూడ్చాలంటే మూడు, మూడున్నర కిలోల గ్రిట్ కలపాలి. గ్రిట్ చవక, పగిలిన గుడ్డు చవక కాదు. మిగిలిన రెండు కిలోల ఖాళీని జొన్నతో నింపండి.

అలాగని కాల్షియం ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు. కాల్షియం ఎక్కువైతే ఫైటేట్‌తో కలిసి గట్టి ముద్దగా మారుతుంది, ఫైటేజ్ దాన్ని విడగొట్టలేదు. సున్నపురాయిని మెత్తటి పొడిగా వేస్తే ఈ సమస్య ఎక్కువ. ముతక గ్రిట్ నెమ్మదిగా కరుగుతుంది, అందుకే అది మేలు. రాత్రి పెంకు తయారయ్యే వేళ కూడా కాల్షియం అందిస్తుంది.

ఒకేసారి ఐదున్నర కిలోలు తీయకండి. మొదటి రెండు వారాలు సగం తగ్గించి, అంతా బాగుంటే రెండో సగం తగ్గించండి. బ్రాయిలర్ పిల్లల మొదటి దాణాలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పది రోజుల వయసులో భాస్వరం లోపిస్తే కాళ్లు వంకరపోతాయి, తర్వాత ఎంత వేసినా సరికాదు.

జైలనేజ్ లెక్క శక్తి మీద నడుస్తుంది. కంపెనీ కాగితం కిలో దాణాకు 80, 100 కిలోకేలరీలు అని చెబుతుంది. తవుడు, పొద్దుతిరుగుడు చెక్క బాగా ఉన్న దాణాలో 50 తీసుకోండి. బ్రాయిలర్ దాణాలో దీన్ని నూనెలో చూసుకోవచ్చు. నూనెలో కిలోకు దాదాపు 8,800 కిలోకేలరీలు, మొక్కజొన్నలో 3,300. ఒక కిలో నూనె తీసి ఒక కిలో మొక్కజొన్న వేస్తే తగ్గేది 5,500. టన్నుకు 50,000 కిలోకేలరీలు ఆదా చేయాలంటే 9 కిలోల నూనెను మొక్కజొన్నతో మార్చాలి. మొదటి బ్యాచ్‌లో 4 కిలోలతో ఆపండి.

రెండు మూడు ఎంజైములు కలిపి వాడేటప్పుడు ఒక్కోదాని విలువను విడివిడిగా కూడి మొత్తం తీసేయడం ప్రమాదం. ఫైటేజ్ కూడా కొంత శక్తి, కొన్ని అమైనో ఆమ్లాలు విడిపిస్తుందని కాగితంలో ఉంటుంది. జైలనేజ్, ప్రోటియేజ్ కాగితాల్లోనూ అవే పోషకాలు కనిపిస్తాయి. ఒకే పోషకాన్ని మూడుసార్లు లెక్కేసి సోయా తగ్గిస్తే గుడ్డు బరువు పడిపోతుంది. ఫైటేజ్ నుంచి భాస్వరం మాత్రమే, జైలనేజ్ నుంచి శక్తి మాత్రమే లెక్కలోకి తీసుకోవడం సురక్షితమైన దారి.

ఆదా ఎంతో తేల్చుకోవడం సులువు. తీసేసిన డీసీపీ విలువలోంచి, కలిపిన గ్రిట్, జొన్నల విలువ, ఫైటేజ్ విలువ తీసేయండి. మిగిలింది టన్నుకు మీ లాభం. డీసీపీ ధర పడిపోయిన నెలల్లో ఇది చాలా తక్కువగా ఉండవచ్చు. అప్పుడు కూడా ఫైటేజ్ మానకపోవడం మంచిది. మళ్లీ మళ్లీ ఫార్ములా మార్చడం కోళ్లకు, దాణా కలిపేవారికి ఇద్దరికీ ఇబ్బందే.

ఐదో దశ: పట్టించడం, కలపడం

జొన్న, సజ్జ గింజలు చిన్నవి. మొక్కజొన్నకు వాడే పెద్ద రంధ్రాల జల్లెడ పెడితే చాలా గింజలు నలగకుండా జారిపోతాయి. నలగని గింజలోకి ఎంజైమ్ వెళ్లలేదు. జొన్నకు చిన్న రంధ్రాల జల్లెడ విడిగా పెట్టి పట్టించండి.

వంద గ్రాముల పొడి టన్ను దాణాలో సమంగా కలవాలంటే నేరుగా మిక్సర్‌లో పోయకూడదు. ముందు కిలో మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలపండి. దాన్ని ఐదు కిలోల పిండిలో, ఆపైన ఇరవై ఐదు కిలోల పిండిలో కలపండి. మిక్సర్‌లో సగం గింజల పిండి పడ్డాక ఈ మిశ్రమం వేసి, మిగతా దినుసులు పోయండి. నూనె వేసేదుంటే చివర్లోనే వేయాలి, ముందే వేస్తే పొడి ఉండలు కడుతుంది. అడ్డంగా తిరిగే రిబ్బన్ మిక్సర్‌కు నాలుగైదు నిమిషాలు చాలు, నిలువు మిక్సర్‌కు పావుగంట దాకా పడుతుంది.

మన దగ్గర గుడ్ల కోళ్లకు ఎక్కువగా పిండి దాణానే పెడతారు, కాబట్టి వేడి సమస్య లేదు. గుళికల దాణా చేయించేవారు మాత్రం 80, 85 డిగ్రీల ఆవిరిని తట్టుకునే పూత ఉన్న ఎంజైమ్ అడిగి తీసుకోవాలి. లేదా గుళికలు చల్లారాక ద్రవ ఎంజైమ్ చల్లే యంత్రం ఉండాలి.

నిల్వ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అనంతపురం, కర్నూలు ఎండల్లో రేకుల షెడ్డు కింద గోడౌన్ ఉష్ణోగ్రత మనం ఊహించినదానికంటే ఎక్కువ ఉంటుంది. ఎంజైమ్ ప్యాకెట్‌ను అక్కడ పెట్టకండి. ఇంట్లో చల్లటి, పొడి గదిలో పెట్టండి. కోలిన్ క్లోరైడ్, రాగి, జింకు సల్ఫేట్లు ఉన్న మిశ్రమంలో ముందే కలిపి వారాల తరబడి ఉంచితే, అవి తేమను లాగి ఎంజైమ్‌ను చంపేస్తాయి. దాణా కలిపే రోజునే ఎంజైమ్ కలపాలి.

ఆరో దశ: మీ షెడ్డులోనే పరీక్ష

సమయం ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయోగం మొదలుపెట్టవద్దు. 42, 43 డిగ్రీల ఎండలో కోడి మేత తగ్గిస్తుంది. రొప్పడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచబడుతుంది. అప్పుడు పెంకు పగిలితే తప్పు ఎండదా, డీసీపీ తగ్గించడంలోనా అన్నది తేలదు. దసరా దాటాక, చలి మొదలయ్యే రోజులు మంచివి.

ఒకే వయసు కోళ్లున్న రెండు వరుసలు తీసుకోండి. ఒకదానికి పాత దాణా, రెండోదానికి కొత్త ఫార్ములా. కనీసం ఆరు వారాలు నడపండి. రోజూ తిన్న దాణా, గుడ్ల సంఖ్య, పగుళ్లు రాసిపెట్టండి. వారానికోసారి రెండు వరుసల నుంచీ 30 గుడ్లు చొప్పున తూకం వేయండి. పెంకు నాణ్యతకు ఉప్పునీటి పరీక్ష చవకైనది. హైడ్రోమీటరుతో చూసి 1.080 సాంద్రత వచ్చేలా ఉప్పునీళ్లు కలపండి, అందులో గుడ్లు వేయండి. మునిగినవాటి పెంకు మందం సరిగా ఉన్నట్టు. తాజా గుడ్లతోనే చేయాలి, పాత గుడ్డు లోపల గాలి పెరిగి ఎలాగూ తేలుతుంది.

భాస్వరం తక్కువైతే మొదట మేత తగ్గుతుంది. తర్వాత పంజరంలో కోళ్లు లేవలేక పక్కకు పడి ఉంటాయి. ఇలాంటివి కనిపిస్తే ఆ రోజే డీసీపీ పాత మోతాదుకు తీసుకురండి, కారణం తర్వాత వెతకవచ్చు. ఫార్ములా పెద్దగా మార్చేముందు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలోని పోషణ విభాగం వారికో, మీ మండల పశువైద్యాధికారికో లెక్క చూపించుకోవడం మంచిది.

ఎంజైమ్ చేయలేని పనులు

ఇది స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

శెనక్కాయ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే ఫైటేజ్, జైలనేజ్, ప్రోటియేజ్ ఏదీ దాన్ని తొలగించదు. కాయ గింజకట్టే సమయంలో బెట్ట తగిలినా, తడి కాయలు కుప్పపోసినా ఈ విషం పెరుగుతుంది. ఆ రెండూ మన ప్రాంతంలో మామూలే. చెక్క ప్రతి లాటుకూ పరీక్ష చేయించండి. పరీక్ష లేనిది పిల్లల దాణాలో అసలు వేయకండి.

వానకు తడిసి బూజు పట్టిన ఖరీఫ్ జొన్న చవకగా వస్తుంది. ఎంజైమ్ వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. జొన్నలో టానిన్ అనే వగరు పదార్థాన్ని కూడా ఈ ఎంజైములు విడగొట్టవు. ముదురు ఎరుపు గింజలైతే అడిగి, పరీక్షించి కొనండి. రబీలో పండే తెల్ల జొన్నతో ఆ భయం తక్కువ. కాకపోతే జొన్నలో పచ్చసొనకు రంగునిచ్చే పదార్థం దాదాపు లేదు. మొక్కజొన్నను పూర్తిగా తీసేస్తే సొన తెల్లబడుతుంది, మునగాకు పొడి వంటివి కలపాలి.

శెనక్కాయ చెక్కలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పొద్దుతిరుగుడు చెక్కలోనూ తక్కువే. ఎంజైమ్ ఉన్నదాన్ని అందిస్తుంది, లేనిదాన్ని పుట్టించదు. ఆ లోటు లైసిన్ పొడితోనో, సోయాతోనో పూడ్చాలి.

పెరటి కోళ్లవారికి

పది ఇరవై నాటుకోళ్లు పెంచేవారు ప్యాకెట్ ఎంజైమ్ కొననక్కర్లేదు. గోధుమ తవుడులో సహజంగానే ఫైటేజ్ ఎక్కువగా ఉంటుంది. వరి తవుడు, జొన్న నూకలో కొద్దిగా గోధుమ తవుడు కలిపి, గోరువెచ్చని నీళ్లతో రాత్రి నానబెట్టి పొద్దున పెడితే ఫైటేట్ కొంత విడిపోతుంది. అప్పటికప్పుడు తినేంతే నానబెట్టండి. మధ్యాహ్నానికి మిగిలితే పారేయండి, మన ఎండకు అది త్వరగా పులిసి బూజు పడుతుంది. సజ్జ, రాగి మొలకెత్తించి పెట్టినా ఇదే మేలు జరుగుతుంది.

దినుసు మారినప్పుడు

రబీ జొన్న మార్కెట్‌కు వచ్చే ఫిబ్రవరి, మార్చిలో మీ ఫార్ములా మారుతుంది. తవుడు దొరకని నెలల్లో మళ్లీ మారుతుంది. అలా మారిన ప్రతిసారీ రెండు చూసుకోండి. తవుడు బాగా తగ్గించి ఉంటే ఫైటేజ్‌కు దొరికే ఫైటేట్ కూడా తగ్గుతుంది. దాణాలో ఫైటేట్ భాస్వరం 0.2 శాతం కంటే దిగువకు పోతే తీసేసిన డీసీపీలో సగం వెనక్కి వేయండి. పీచు దినుసులు టన్నుకు 150 కిలోల కంటే తగ్గితే జైలనేజ్ శక్తి లెక్కను ఫార్ములా నుంచి తీసేసి, నూనెను పాత మోతాదుకు తెచ్చేయండి.